దోమల వల్ల గుర్రాలకు మెదడువాపు: మీ లాయంలో ఏం చూశారు?

కొత్తరౌతు: మా ఆడగుర్రానికి పై పెదవి ఊరికే అదురుతోంది, మలుపు తిప్పితే వెనక కాళ్ళు తూలుతున్నాయి, మేత మాత్రం తింటోంది, జ్వరం కూడా పెద్దగా లేదు. డాక్టరు చూసి వెస్ట్ నైల్ (దోమల ద్వారా వచ్చే మెదడువాపు వైరస్) అనుమానం ఉందని రక్తం పంపారు. పక్క లాయంలో ఇంకొకటి ఇలాగే కింద పడిందట. మిగతా గుర్రాలను ఎక్కడికైనా తరలించాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇది చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

లాయం_శీను: బ్రదర్, మా మగగుర్రానికి అచ్చం ఇలాగే మొదలైంది. పెదవి తర్వాత మెడ మీద, భుజం దగ్గర కండరాలు చర్మం కింద సన్నగా అదిరేవి, చూసినవాళ్ళు చలేస్తోందేమో అనేవారు. ముట్టుకుంటే ఉలిక్కిపడేది, కాసేపటికి నిలబడే కునికేది. జ్వరం లేదు కదా అని ధీమాగా ఉండొద్దు, చాలా గుర్రాలకు జ్వరం కనిపించనే కనిపించదు. తరలించే పని మాత్రం పెట్టుకోకు, ఇది గుర్రం నుంచి గుర్రానికి అంటుకునే రోగం కాదు.

డా_గిట్ట: పశువైద్యురాలిని. తరలించడం సంగతి తర్వాత, ముందు ఒక్క మాట. తూలుతున్న గుర్రం ఏదైనా సరే, రిపోర్టు వచ్చేదాకా రేబిస్ కూడా కావచ్చు అనుకునే మసలుకోండి. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, మేత మింగలేకపోతోందని నోట్లో చెయ్యి అసలే పెట్టొద్దు, దాని దగ్గరికి ఒకరిద్దరు తప్ప ఎవరూ వెళ్ళొద్దు.

ఇక వెస్ట్ నైల్ అయితే శీను గారు చెప్పింది నిజం. ఈ వైరస్ పెరిగేది పక్షుల్లో. పక్షిని కుట్టిన క్యూలెక్స్ దోమ వచ్చి గుర్రాన్ని కుడుతుంది. గుర్రం రక్తంలో వైరస్ చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి దాన్ని కుట్టిన దోమ ఇంకొకరికి అంటించలేదు. మనుషుల్లోనూ అంతే. కానీ మీ గుర్రాన్ని కుట్టిన దోమల్లాంటివే మిగతావాటి చుట్టూ కూడా తిరుగుతున్నాయి, భయపడాల్సింది ఆ దోమలకు.

జూలు: అన్నీ అలా ఉండవు మేడమ్, దోమలతోనే వచ్చే వెనిజువెలా రకం మెదడువాపు సంగతి కూడా చెప్పండి. 1971లో అది టెక్సాస్ దాకా వచ్చినప్పుడు గుర్రాల రాకపోకలు ఆపేసి, పెద్ద ఎత్తున టీకాలు వేస్తే తప్ప ఆగలేదు.

డా_గిట్ట: అవును, దాని లెక్క వేరు. అందులో గుర్రం రక్తం నిండా వైరస్ ఉంటుంది, దోమలకు గుర్రమే మూలమవుతుంది. 1995లో వెనిజువెలా, కొలంబియాల్లో గుర్రాలతో పాటు వేలమంది మనుషులు కూడా జబ్బుపడ్డారు. అది తిరిగే ప్రాంతంలో అయితే జబ్బు గుర్రాన్ని దోమతెరలో విడిగా ఉంచాల్సిందే. ఇలాంటిదే ఈస్టర్న్ రకం మెదడువాపు, మనుషుల వైపు చూస్తే అరుదు, గుర్రాలకు మాత్రం యముడే, లక్షణాలు కనిపించిన వాటిలో ఎక్కువ భాగం దక్కవు. వెస్టర్న్ రకం కాస్త నయం. అది ఇక లేదనుకున్నారు చాలామంది, 2023 చివర్లో అర్జెంటీనా, ఉరుగ్వేల్లో మళ్ళీ విరుచుకుపడింది.

నల్లకళ్ళెం: మేం సాయంత్రం లాయంలో పొగ వేస్తాం, దోమ దరి చేరదు.

లాయం_శీను: దోమ సంగతేమో గానీ అన్నా, ఆ పొగకు గుర్రం ఊపిరితిత్తులు పాడవుతాయి. మూసిన లాయంలో అసలు వద్దు. దానికంటే పెద్ద ఫ్యాన్లు పెట్టు, ఎదురుగాలికి దోమ ఎగరలేదు. తొట్లలో నీళ్ళు వారానికి ఒకసారైనా పూర్తిగా పారబోసి రుద్ది కడగాలి, ఎందుకంటే వేడి రోజుల్లో గుడ్డు దోమ అవడానికి వారం, పది రోజులు చాలు. పారబోయలేని పెద్ద తొట్టి అయితే బీటీఐ బిళ్ళలు (దోమ లార్వాలను చంపే ఒక బ్యాక్టీరియాతో చేసినవి) వేసుకోవచ్చు, లార్వాలు చస్తాయి, ఆ నీళ్ళు గుర్రం తాగినా ఏమీ కాదు. అందరూ తొట్టి చూస్తారు గానీ పాత టైర్లు, గడ్డి మీద కప్పిన టార్పాలిన్ మడతల్లో నిలిచిన నీళ్ళు ఎవరూ చూడరు, నన్నడిగితే సగం దోమలు అక్కడివే.

కొత్తరౌతు: మిగతావాటికి ఇప్పుడు టీకా వేయించినా లాభం ఉంటుందా? అమ్మినవాళ్ళు అన్నిటికీ వేశామన్నారు, కాగితం మాత్రం లేదు.

డా_గిట్ట: కాగితం లేకపోతే వేయనట్టే లెక్క. రెండు డోసులు కావాలి, మధ్యలో మూడు నుంచి ఆరు వారాలు. అంటే ఇవాళ మొదలుపెట్టినా పూర్తి రక్షణకు వారాలు పడుతుంది, అయినా మొదలుపెట్టండి. తర్వాత ఏటా దోమల కాలానికి ముందు బూస్టర్. ఈలోపు చీకటి పడేటప్పుడు, తెల్లవారుజామున బయటికి వదలకండి, ఒంటికి దోమల మందు, దోమతెర వాడండి. జబ్బుపడిన దానికి ఇప్పుడు టీకాతో పని లేదు. వైరస్‌ను చంపే మందు కూడా లేదు, వాపు తగ్గించే మందులు, సెలైన్, ఒత్తుగా పరిచిన పడక, అంతే.

లాయం_శీను: మావాడు నిలబడగలిగాడు కాబట్టి బతికాడు. లక్షణాలు వచ్చిన వాటిలో మూడింట ఒకటి పోతుందంటారు, కింద పడి లేవలేకపోతే ఆశ ఇంకా తక్కువ. కాస్త తేరుకోగానే సంబరపడొద్దు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. వెనక ఎడమ కాలు ఇప్పటికీ కొంచెం ఈడుస్తాడు, స్వారీకి వాడటం లేదు.

కొత్తరౌతు: రిపోర్టు వచ్చింది, ఐజీఎం (కొత్తగా సోకినప్పుడు రక్తంలో కనిపించే యాంటీబాడీ) పాజిటివ్. ఒకవేళ అమ్మినవాళ్ళు నిజంగానే టీకా వేసి ఉంటే దానివల్ల ఇలా వచ్చే అవకాశం ఉందా?

డా_గిట్ట: లేదనే చెప్పాలి. ఆ టీకాలతో ఐజీఎం దాదాపు పెరగదు, అందుకే ఈ పరీక్ష అడుగుతాం. ఈ లక్షణాలతో పాజిటివ్ వచ్చిందంటే ఈ మధ్య సోకిందనే. పక్క లాయంవాళ్ళకు ఇవాళే చెప్పండి, పశుసంవర్ధక శాఖకు మీ డాక్టరు రాశారో లేదో అడగండి.