నీళ్ల మీద ఎండ: కళ్ళకు మీరేం వాడుతున్నారు?

అలలబాట:
రుషికొండలో కయాకింగ్ మొదలుపెట్టి నెలయింది. మొన్న ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పదకొండున్నర దాకా నీళ్ల మీదే ఉన్నాను. కళ్ళజోడు ఇంట్లోనే మర్చిపోయా. అప్పుడేమీ తెలియలేదు. రాత్రి తొమ్మిదయ్యేసరికి కళ్ళల్లో ఇసుక పోసినట్టు గరగర, ఒకటే నీళ్లు. ట్యూబ్‌లైట్ వైపు కూడా చూడలేకపోయాను. ఉప్పునీళ్ల వల్లేనా?

తెరచాప:
ఉప్పునీళ్లు కాదండీ. నేను హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ చేస్తాను, అక్కడ ఉప్పెక్కడిది? నాకూ అచ్చం ఇలాగే అయింది. ఒళ్లు కమిలినట్టే కార్నియా (నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర) కూడా ఎండకు కమిలిపోతుందని డాక్టరుగారు చెప్పారు. కొన్ని గంటలు గడిస్తేగానీ బయటపడదు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. కళ్ళు మాత్రం నలపకండి. నొప్పి తెలియకుండా చేసే చుక్కలు సొంతంగా కొని వేసుకోకండి, వాటితో కన్ను మానడం ఆలస్యమవుతుంది. చూపు మసకబారితే ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అలలబాట:
థాంక్సండీ, టెన్షన్ తగ్గింది. పోలరైజ్డ్ కళ్ళజోడు కొంటే సరిపోతుందా?

తెరచాప:
పోలరైజ్డ్ అద్దం నీటి మీది మెరుపును తగ్గిస్తుంది, అంతే. అతినీలలోహిత కిరణాలను ఆపాలంటే 'యూవీ 400' అని ఉండాలి. ఆ రక్షణ లేని నల్లద్దాలు ఇంకా ప్రమాదం. చీకటికి కంటిపాప పెద్దదై, ఆ కిరణాలు మరింత లోపలికి పోతాయి. పల్చటి మబ్బు పట్టిన రోజునా జోడు తీయకండి.

భీమిలితీరం:
అద్దంతో పాటు ఫ్రేమ్ కూడా చూసుకోండి. మా నాన్న ముప్పై ఏళ్లుగా చేపల వేటకెళ్తున్నాడు. కుడికంట్లో ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదకి కండ పెరిగింది. డాక్టర్లు టెరీజియం అన్నారు. సర్ఫింగ్ చేసేవాళ్లకూ వస్తుందట, అందుకే దానికి 'సర్ఫర్స్ ఐ' అని కూడా పేరు. కణత వైపు నుంచి పడే వెలుగును కార్నియా వంచి, సరిగ్గా ముక్కు వైపు మూల మీదికే పోగేస్తుందట. అందుకని పక్కల కూడా మూసుకునే జోడే కొనండి, పైన అంచున్న టోపీ పెట్టుకోండి.

ఆపరేషన్‌లో కండ తీసేసి, మళ్లీ పెరగకుండా అదే కంటి తెల్లగుడ్డు మీది పల్చటి పొర తెచ్చి అక్కడ అతికించారు.

అలలబాట:
ఇప్పుడెలా ఉన్నారన్నా? జోడు పెట్టుకుంటున్నారా?

భీమిలితీరం:
బాగున్నాడు. మొదట్లో 'వల లాగేటప్పుడు జారిపోద్దిరా' అనేవాడు. వెనక తాడు కట్టిచ్చాను. ఇప్పుడు ఒడ్డుకు రాగానే ముందు అద్దాలకు పట్టిన ఉప్పు మంచినీళ్లతో కడుక్కుంటాడు, తర్వాతే వల ఆరేస్తాడు.