ఫ్రిదా కాలో: బొమ్మ గొప్పదా, కథ గొప్పదా?

డ్రాయింగు_మాస్టారు:
నిన్న బజార్లో మూడు చోట్ల కనిపించింది మెక్సికో చిత్రకారిణి ఫ్రిదా మొహం. చేతిసంచీ మీద, ఫోను కవరు మీద, దిండు గలీబు మీద. కలిసిపోయిన కనుబొమ్మలు, తలనిండా పూలు. కొన్నవాళ్లలో ఒక్కరినైనా ఆవిడ వేసిన బొమ్మ పేరు చెప్పమనండి చూద్దాం. 1938లో ఎడ్వర్డ్ రాబిన్సన్ అనే హాలీవుడ్ నటుడు ఒక్కోటి 200 డాలర్లకు నాలుగు బొమ్మలు కొన్నాడు. 2025 నవంబరులో 'కల (మంచం)' ఒక్కటే న్యూయార్క్ వేలంలో దాదాపు 5.47 కోట్ల డాలర్లు పలికింది. వేసిన చెయ్యి అదే, రంగులు అవే. మధ్యలో పెరిగిందేమిటి? కథ. బస్సు ప్రమాదం, భర్త డియేగో రివేరా తిరుగుళ్లు, పోయిన గర్భాలు. ఆ కథ తీసేస్తే బొమ్మల్లో ఏం మిగులుతుంది?

తేదీల_తాత:
ఉత్త బస్సు ప్రమాదం కాదండీ. 1925 సెప్టెంబరు 17న ఆవిడ ఎక్కిన బస్సును ట్రాము గుద్దింది.

సంచీ_కొన్నదాన్ని:
ఆ సంచీ నా దగ్గరా ఉంది. జిప్పు గట్టిది.

వెన్నులో_రాడ్డు:
మాస్టారూ, కథ తీసెయ్యడం సరే, ముందు బొమ్మ చూశారా? 'హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి', 1932. డెట్రాయిట్‌లో గర్భం పోయాక వేసింది. ఇనప మంచం, నెత్తురుతో తడిసిన దుప్పటి, ఒంటి మీద నూలుపోగు లేదు. చేతిలో ఎర్రటి దారాలు, గాలిపటం పట్టుకున్నట్టు. ఆరింటికి కట్టి ఉంటాయి: పిండం, నత్త, కటి ఎముక, ఒక యంత్రం, ఆర్కిడ్ పువ్వు, సైన్సు ల్యాబులో పెట్టే నడుం బొమ్మ లాంటిది. వెనక ఎక్కడో కార్ల ఫ్యాక్టరీ. మంచం ఉన్నది నేల మీదేనా అనిపిస్తుంది.

అది వేసింది రేకు మీద. మెక్సికోలో రోగం నయమైనా గండం గడిచినా ఆ సంగతి చిన్న రేకు మీద బొమ్మ వేయించి చర్చిలో తగిలిస్తారు. మన మొక్కు చెల్లింపే అనుకోండి. ఆ రేకుల్లో పైన మబ్బుల్లో కాపాడిన మేరీమాతో సెయింటో ఉంటారు. ఫ్రిదా ఆ చోట పిండాన్ని పెట్టింది. కాపాడినవాళ్లెవరూ లేరు మరి. ఇది తెలియడానికి నాకు రేకు చాలు, జీవితచరిత్ర అక్కర్లేదు.

చేనేత_చెల్లి:
మీరిద్దరూ వదిలేసింది ఒకటుంది. ఆవిడ కట్టిన బట్టలు దక్షిణ మెక్సికోలోని తెహువాంతెపెక్ ఆడవాళ్లవి. ఈవిడేమో మెక్సికో సిటీ పక్కన కొయోవకాన్‌లో పెరిగిన ఫోటోగ్రాఫర్ కూతురు, తండ్రి జర్మనీ నుంచి వచ్చినాయన. ఆ కుట్టుపని చేసినవాళ్లకు ఈ సంచుల మీద పైసా ముడుతోందా?

డ్రాయింగు_మాస్టారు:
రేకు బొమ్మలు అన్నారు కదా, బాగుంది. అవి వేసిన ఊరి పెయింటర్లలో ఒక్కడి పేరు చెప్పండి. వాళ్లకి కథ లేదు కాబట్టి పేరూ లేదు.

నా సంగతి వినండి. 31 ఏళ్లు సర్కారు బళ్లో డ్రాయింగు చెప్పాను. రిటైరయ్యాక 14 నీటిరంగుల బొమ్మలు పట్టుకుని ఒక గ్యాలరీకి వెళ్లాను. కృష్ణ ఒడ్డు, ఇటుక బట్టీలు. అక్కడి కుర్రాడు కట్ట విప్పకుండానే "మీ స్టోరీ ఏంటి సార్?" అన్నాడు. నెలనెలా జీతం వచ్చేది, పిల్లలు చదువుకున్నారు, అదీ నా స్టోరీ. కాలు విరగ్గొట్టుకుని రమ్మంటారా?

తేదీల_తాత:
పుట్టిన ఏడు ఎవరూ రాయలేదు. 1907. ఆవిడ 1910 అని చెప్పుకునేది, మెక్సికో విప్లవం మొదలైన ఏడది.

వెన్నులో_రాడ్డు:
తాతగారూ, కాసేపు ఆగండి.

మాస్టారూ, విరగడం తమాషా కాదు. నా వెన్నులో రెండు రాడ్లు, ఎనిమిది స్క్రూలు. ఆపరేషనయ్యాక చూడ్డానికి వచ్చిన చుట్టాలు ఏం తెచ్చారో తెలుసా? ఫ్రిదా మొహం ఉన్న కాఫీ కప్పు. "ఈవిణ్ణి చూసి ధైర్యం తెచ్చుకో" అని. నొప్పికి బొమ్మలు రావండీ, చిరాకొస్తుంది. వెన్ను పాడైనవాళ్లు కోట్లమంది, వెన్ను చోట పగిలిన స్తంభం పెట్టి 'విరిగిన స్తంభం' బొమ్మ వేసింది ఒక్కతే. ఆ చుట్టాలు మెచ్చుకుంటూ అన్నారు, మీరు తిడుతూ అంటున్నారు, మాట మాత్రం ఒకటే: బొమ్మ వేసింది నొప్పి, చెయ్యి కాదు అని.

డ్రాయింగు_మాస్టారు:
నన్ను కాఫీ కప్పులవాళ్లతో కట్టకండి! చెయ్యి లేదని నేననలేదు. ఆ చేత్తో ఏం చేసిందన్నదే నా బాధ. మొగుడికి తన చెల్లెలు క్రిస్తినాతోనే సంబంధం ఉందని తెలిశాక, 1935లో ఒకటి వేసింది. మంచం మీద ఒళ్లంతా కత్తిపోట్లతో ఆడమనిషి, పక్కన టోపీ పెట్టుకుని మగాడు. "కొన్ని చిన్న గాట్లే" అని పైన రాత. ఇంటి గుట్టు రచ్చకెక్కించడం కళ ఎలా అవుతుంది? ఎవరింట్లో లేవు గొడవలు?

తేదీల_తాత:
అందులో ఉన్నది డియేగో కాదు. పేపర్లో వచ్చిన హత్య. ఆ మాట పొడిచినవాడు జడ్జి ముందు అన్నది.

వెన్నులో_రాడ్డు:
ఈసారి తాతగారికి దండం. మొగుడి పేరు లేదు, చెల్లెలి పేరు లేదు, ఊళ్లో జరిగిన హత్య వేసింది. నెత్తురు చుక్కలు చట్రం మీద కూడా వేసింది, అవి చూశారా? పొద్దుటినుంచీ గీత గురించి గానీ రంగు గురించి గానీ మీరు ఒక్క మాట అనలేదు. గుట్టు అంటున్నారు. ఎవరి గుట్టు? చేసినవాడిదా, పడినదానిదా?

సంచీ_కొన్నదాన్ని:
మాస్టారూ, తప్పుగా అనుకోకండి. మీ ఇంట్లో ఎవరైనా వేశారా ఇలాంటిది?

డ్రాయింగు_మాస్టారు (మర్నాడు పొద్దున):
వేసింది. మా అమ్మాయి, కాలేజీలో ఉండగా. మా వంటిల్లు. వాళ్లమ్మ నేల మీద కూర్చుని తింటోంది. బల్ల దగ్గర ఒక్కటే కుర్చీ, అందులో నేను. వెనకనుంచే వేసింది గానీ ఈ బట్టతల మా వీధిలో ఎవరికి తెలీదు? పోటీకి పంపొద్దన్నాను. మళ్లీ కుంచె పట్టలేదు. ఇప్పుడు బ్యాంకులో చేస్తోంది. కుర్చీ కాళ్ల నీడ ఒక్కటే తప్పు అందులో.

వెన్నులో_రాడ్డు:
ఆ బొమ్మ ఉందా?

డ్రాయింగు_మాస్టారు:
అటక మీద ఉంది.

రేకు మీద నూనె రంగు పట్టాలంటే కింద పూత ఏదో ఉండాలి. ఆవిడ ఏం పూసేదంటారు?

తేదీల_తాత:
పూత సంగతి మీలాంటివాళ్లు చెప్పాలి. 'హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి'లో మంచం పక్కపట్టీ మీద తేదీ మాత్రం వేసింది. జూలై, 1932.