కామెంట్లలో ఆడవాళ్ళను తిట్టేవాడి మీద కేసు పెట్టాలా, బ్లాక్ చేసి ఊరుకోవాలా?

గోదారిగట్టు:
మా పిన్ని కూతురు రాజమండ్రిలో ఇంట్లోంచే చీరలు అమ్ముతుంది. రాత్రి పిల్లాడు పడుకున్నాక ఫోన్ స్టాండుకి పెట్టి లైవ్ చేస్తుంది. మొన్న మంగళగిరి కాటన్ ఒకటి భుజం మీద వేసుకుని అంచు చూపిస్తుంటే కింద ఒకడు, "చీర రేటు తర్వాత, ముందు నీ రేటు చెప్పు" అని రాశాడు. దానికి నలభై నవ్వుల ఎమోజీలు. పోనీ వాడు ముఖం దాచుకున్నాడా అంటే అదీ లేదు. సొంత పేరే. డీపీలో పెళ్ళాం, పాప, వెనక తిరుమల గోపురం.

తెల్లారేసరికి స్క్రీన్‌షాట్ అత్తగారి వైపు వాట్సాప్ గ్రూప్‌లో ఉంది. ఆ మాట అన్నవాడు ఎవడని ఒక్కరూ అడగలేదు. "అంత రాత్రప్పుడు లైవ్ ఏంటి", "ఆ జాకెట్ ఏంటి" అని అన్నీ తననే అడిగారు. లైవ్ ఆగిపోయింది. అప్పు చేసి తెచ్చిన సరుకు బీరువాలో ఉంది. కేసు పెడదామని నేను, పరువు పోతుందని మా బావ. మీరేమంటారు?

మీసాలరాయుడు:
నా మాట చేదుగానే ఉంటుంది. బ్లాక్ చేసి పని చూసుకోవడమే. మాటలకు కేసులంటే అవి ఎవరి మీద పడతాయో ఒకసారి చూశాం. 2012 నవంబర్‌లో బాల్ ఠాక్రే పోయినప్పుడు బంద్ ఎందుకని పాల్ఘర్‌లో ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది. ఆ అమ్మాయినీ, లైక్ కొట్టిన స్నేహితురాలినీ అరెస్టు చేశారు. నెట్‌లో అభ్యంతరకరంగా రాస్తే జైలనే ఐటీ చట్టం 66ఏ సెక్షన్ ఆ గొడవతోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2015 మార్చిలో కొట్టేశారు.

చింతకాయపచ్చడి:
రాయుడుగారూ, బ్లాక్ చేస్తే వాట్సాప్‌లో తిరిగే స్క్రీన్‌షాట్ కూడా బ్లాక్ అవుతుందా? తెలియక అడుగుతున్నా.

శారద_ఖమ్మం:
66ఏ పోవాల్సిందే, పోయింది. దేన్ని "అభ్యంతరకరం" అంటారో ఎవరికీ తెలియకపోవడమే దాని జబ్బు. ఇది వేరు. ఆడమనిషి మర్యాదకు భంగం కలిగించాలని అనే మాటకు భారతీయ న్యాయ సంహితలో 79వ సెక్షన్ ఉంది, మూడేళ్ళ దాకా శిక్ష. నెట్‌లో వెంటపడితే 78. రెండూ కొత్తవేం కావు, పాత ఐపీసీ 509, 354డీలే.

చట్టం ఉంది, రాసుకునే చెయ్యే లేదు. నేనొకసారి స్క్రీన్‌షాట్లు ప్రింటు తీయించుకుని స్టేషన్‌కి వెళ్ళాను. రైటర్ కాగితాలు అటూ ఇటూ తిరగేసి, "అకౌంట్ తీసేస్తే సరిపోద్ది కదమ్మా" అన్నాడు. మూడు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి రసీదు కూడా ఇవ్వకుండా పంపారు.

ఊరుకుంటే ఏమవుతుందో చెప్తాను. 2021 జూలైలో ముస్లిం అమ్మాయిల ఫొటోలు ఎత్తుకొచ్చి "సుల్లీ డీల్స్" అనే యాప్‌లో వేలం అంటూ పెట్టారు. కేసులైతే రాసుకున్నారు, ఆరు నెలల పాటు ఒక్కణ్ణీ పట్టుకోలేదు. 2022 జనవరి 1న "బుల్లీ బాయి" పేరుతో మళ్ళీ అదే పని. ఈసారి ముంబై పోలీసులు కదిలితే రోజుల్లో దొరికారు. మొదట దొరికినవాళ్ళంతా ఇరవై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్న పిల్లలు. అంతకుముందు వెతకలేదు, అంతే.

మీసాలరాయుడు:
వాళ్ళలో 18 ఏళ్ళ అమ్మాయి కూడా ఉంది, అది చెప్పలేదేం శారదగారూ? అంతా మగాళ్ళ జబ్బే అంటే ఒప్పుకోను. అయినా మాట వేరు, చేత వేరు. కామెంట్లు చదివి ఎవడూ కత్తి పట్టుకుని రాడు.

నార్త్‌యార్క్_కిట్టు:
అన్నా, నేనుండేది టొరంటోలో. 2018 ఏప్రిల్ 23న మా యంగ్ స్ట్రీట్ ఫుట్‌పాత్ మీదికి ఒకడు అద్దె వ్యాన్ ఎక్కించాడు. 10 మంది పోయారు, అందులో ఎనిమిది మంది ఆడవాళ్ళు. అప్పుడు గాయపడిన ఇంకొకావిడ 2021లో పోయారు. వాడు ఆ పని చేసే ముందు ఫేస్‌బుక్‌లో "ఇన్‌సెల్ తిరుగుబాటు" మొదలైందని పోస్టు పెట్టాడు. ఇన్‌సెల్ అంటే అమ్మాయిలెవరూ తమ వైపు చూడట్లేదని మొత్తం ఆడజాతి మీదే పగబట్టి, రోజంతా నెట్‌లో అదే నూరిపోసుకునే మగాళ్ళు. 2014లో కాలిఫోర్నియాలో ఆరుగుర్ని చంపినవాణ్ణి ఆ పోస్టులోనే పొగిడాడు.

మీసాలరాయుడు:
ఆ వ్యాన్ కేసు తీర్పు గురించి నేనూ చదివాను తమ్ముడూ. పేరు రావడం కోసమే వాడు ఆ గుంపు కథ వాడుకున్నాడని, అసలు కారణం అదేనని నమ్మలేమని జడ్జి అన్నారు.

నార్త్‌యార్క్_కిట్టు:
నిజమే, అన్నారు. మరి పేరు రావాలంటే ఆ మాటలే వాడాలని వాడికెలా తెలిసింది? చప్పట్లు కొట్టేవాళ్ళు అక్కడ రెడీగా కూర్చున్నారనే కదా.

శారద_ఖమ్మం:
కత్తుల దాకా ఎందుకు? ఆ అమ్మాయి కొట్టు మూసుకుంది. వడ్డీ ఎవరు కడతారు?

మీసాలరాయుడు:
సరే, "నీ రేటెంత" అన్నది ఉత్త తిట్టు కాదు, ఆ ఒక్కటీ ఒప్పుకుంటా. కేసు మాత్రం వద్దు. ఆ స్క్రీన్‌షాట్ వాడి భార్యకు పంపండి, చాలు.

శారద_ఖమ్మం:
అక్కడ కూడా ఆవిడే ఏడవాలా?

గోదారిగట్టు:
అందరికీ థాంక్స్. బావకు చెప్పకుండా ఇద్దరం కూర్చుని సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లయింట్ పెట్టాం, నంబర్ వచ్చింది. ఈలోపు సరుకు పాడవుతుందని బావే మళ్ళీ వీడియోలు మొదలుపెట్టించాడు. ముఖం లేదు, చేతులు మాత్రమే చెల్లెలివి, గొంతు బావది. "ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు పోదండీ" అంటున్నాడు. ఆయన ఇంతవరకు ఒక్క చీర ఉతికింది లేదు.