యాభై ఏళ్ల నాటి రాక్ సంగీతం మన పిల్లలకు ఎందుకు నచ్చుతోంది?

ప్రశ్న: రాయగడ నివాసి

సభ్యులకు నమస్కారం. సంగీతం తెలిసినవారిని ఒక సంగతి అడగాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మా అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, స్నేహితురాళ్లతో హిందీ మాట్లాడే ఈ పిల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేది మాత్రం పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెపెలిన్, ఈగిల్స్, క్వీన్ అనే ఇంగ్లీషు రాక్ బృందాల పాటలు. అవన్నీ ఆమె పుట్టడానికి ముప్పై ఏళ్ల ముందరివి. నేను కళాశాలలో ఉండగా అవే వినేవాణ్ణి, అప్పటికే అవి పాతబడ్డాయి. వాటిని కొత్తగా ఉన్నప్పుడు విన్నది మా మేనమామగారు, డెబ్బైలలో కలకత్తాలో చదువుకున్న రోజుల్లో. అంటే ఒకే ఇంట్లో మూడు తరాలవారు ఆ పాటలే వింటున్నారు.

నాకు నచ్చడానికి నా కళాశాల జ్ఞాపకాలు కారణమని సరిపెట్టుకోవచ్చు. అమ్మాయికి ఆ జ్ఞాపకాలేవీ లేవు. వినమని నేను చెప్పనూ లేదు. నాకు ప్రాణమైన తొంభైల నాటి తెలుగు సినిమా పాటలు ఎన్నిసార్లు వినిపించినా మర్యాదకు తల ఊపి లేచిపోతుంది. ఇక ఆ ఇంగ్లీషు పాటల సాహిత్యం సగానికి సగం నాకే అర్థం కాదు. అలాంటప్పుడు ఆ సంగీతంలో పట్టి ఉంచేది ఏమిటి? ‘పాతదంతా బంగారమే’ అన్న సమాధానం మాత్రం దయచేసి ఇవ్వకండి. ఆ మాటే నిజమైతే ఆ కాలపు పాటలన్నీ బతికి ఉండవలసింది.

జవాబు: బరంపురం, వయొలిన్ ఉపాధ్యాయురాలు

సంగీతానికి సంబంధించినంత వరకు నేను చెప్పగలను. నేను నేర్పేది కర్ణాటక సంగీతం. రాక్ పరిచయమైంది శిష్యుల వల్ల. వాళ్లు తెచ్చి వినిపించిన వాటిలో నన్ను ముందుగా ఆకట్టుకున్నది స్వరాల పొదుపు.

ఈ సంగీతానికి తల్లివేరు బ్లూస్, అంటే అమెరికా దక్షిణ ప్రాంతపు నల్లజాతి శ్రామికుల పాట. రాబర్ట్ జాన్సన్ 1936, 1937 సంవత్సరాలలో ఒక్క గిటారు తోడుగా పాడి రికార్డు చేసిన పాటలనూ, ఆ తరువాత షికాగోలో మడ్డీ వాటర్స్ ఎలక్ట్రిక్ గిటారు మీద వినిపించిన పాటలనూ ఇంగ్లండు కుర్రవాళ్లు రికార్డుల ద్వారా విని, అలాగే వాయించాలని ప్రయత్నించి, ఆ ప్రయత్నంలో తమదైన బాణీ ఒకటి తయారు చేసుకున్నారు. 1962లో లండనులో మొదలైన రోలింగ్ స్టోన్స్ బృందం తన పేరునే మడ్డీ వాటర్స్ పాట నుంచి తీసుకుంది. బ్లూస్ గిటారు ఎక్కువగా తిరిగేది ఐదు స్వరాల మధ్య: షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. ఈ ఐదూ మన శుద్ధ ధన్యాసి రాగపు స్వరాలే. రిషభ ధైవతాలు లేకపోవడంతో పక్కపక్కనే ఒరుసుకునే స్వరాలు ఉండవు కనుక, దేని తరువాత ఏది పలికించినా చెవికి గుచ్చుకోదు. నేర్చుకునేవాడికి ధైర్యం వస్తుంది, వినేవాడికి వెంటనే గుర్తుంటుంది.

అంతమాత్రాన ఆ సంగీతం శుద్ధ ధన్యాసి అయిపోదు. దాని కింద కార్డులు, అంటే ఒకేసారి పలికించే స్వరాల గుత్తులు, నడుస్తాయి, మన రాగభావం వేరు. కాని మంచి వాద్యకారుడు గాంధారాన్ని దాని రెండు స్థానాలైన సాధారణానికీ అంతరానికీ నడుమ ఎక్కడో నిలిపి, తీగను వేలితో పక్కకు లాగి స్వరాన్ని పైకి జార్చుతాడు. పియానో మెట్ల మీద దొరకని ఆ శ్రుతి, గమకానికి అలవాటుపడిన మన చెవికి పరాయిదిగా తోచదు. మా శిష్యులు ఇంగ్లీషు పాటలలో పాప్ కన్న రాక్‌ను ఎక్కువగా ఇష్టపడడానికి ఇది ఒక కారణమని నా అనుమానం.

మాటలు అర్థం కాకపోవడం గురించి మీరు బెంగపడనవసరం లేదు. మన జిల్లాలలో పుట్టినవారు చిన్నప్పటి నుంచి ఒడియా భజనలూ హిందీ సినిమా పాటలూ అర్థం తెలిసీ తెలియకుండానే పాడుకుంటూ పెరిగినవారే. ఒకే భాష వినిపించే ఊళ్లో పెరిగినవారికి ఉండే అడ్డు మనకు మొదటి నుంచీ తక్కువ.

జవాబు: సునాబెడ, విశ్రాంత ఇంజనీరు

ఉపాధ్యాయురాలిగారు చెప్పిన స్వరాల మాట ఒప్పుకుంటాను. అయితే ఆ ఐదు స్వరాలు యాభైలలోనూ ఉన్నాయి, ఈనాడూ ఉన్నాయి. 1965 నుంచి 1980 వరకు వచ్చిన పాటలే ఇంతగా ఎందుకు నిలిచాయన్నది మిగిలే ఉంది.

మొదటి కారణం వడపోత. 1969లో అమెరికాలో బిల్‌బోర్డ్ అనే సంగీత పత్రిక వారి సంవత్సరాంతపు జనాదరణ పట్టికలో మొదటి స్థానం ఎవరిదో తెలిస్తే మీ అమ్మాయి నవ్వుతుంది. అది ఆర్చీస్ పాట. కార్టూను బొమ్మలే తప్ప ఆ పేరుతో అసలు బృందమే లేదు. స్టూడియో గాయకులు పాడి పెట్టారు. అదే సంవత్సరం లెడ్ జెపెలిన్ మొదటి రెండు ఆల్బములు వచ్చాయి, బీటిల్స్ వారి ‘అబీ రోడ్’ వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 1967లో, బీటిల్స్ వారి ‘పెన్నీ లేన్’ రికార్డును బ్రిటన్‌లో మొదటి స్థానానికి రానివ్వకుండా అడ్డుకున్నది ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ పాడిన ఒక నెమ్మదైన పాట. ఆనాడు విపరీతంగా అమ్ముడుపోయినవన్నీ మనదాకా రాలేదు. వచ్చిన కొద్దిపాటినే చూసి ఆ కాలమంతా అలాగే ఉండేదనుకుంటున్నాం.

రెండవది వృత్తిరీత్యా నాకు తోచిన కారణం. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులో ఒక పక్కన సాధారణంగా మూడు నిమిషాలకు మించి పెద్దగా పట్టేది కాదు. 1948లో వచ్చిన ఎల్పీ (లాంగ్ ప్లే) రికార్డులో ఒక పక్కనే ఇరవై నిమిషాల పైచిలుకు పట్టింది, కాని ఆ జాగాను పాటకట్టే తీరు మార్చుకోవడానికి వాడుకున్నది మాత్రం అరవైల బృందాలు. 1967లో బీటిల్స్ వారు ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బమును నాలుగు ట్రాకుల, అంటే ధ్వనిని విడివిడిగా నింపుకునే నాలుగు వరుసల, టేపు యంత్రం మీద తయారు చేశారు. అంటే నాలుగింటిని నింపి, వాటిని కలిపి మరొక టేపు మీదికి ఎక్కించి, ఖాళీ అయిన చోట మళ్లీ కొత్తవి నింపుకుంటూ పోవాలి. ఆరేళ్లు తిరగకుండానే అదే స్టూడియోలో పింక్ ఫ్లాయిడ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’కు పదహారు ట్రాకులు అందుబాటులో ఉన్నాయి. ఆ దశకు చేరిన తరువాత రికార్డింగులో ధ్వని పెద్దగా పాతబడలేదు. 1953 నాటి రికార్డు వింటే అది పాతదని మొదటి క్షణంలోనే తెలిసిపోతుంది. 1973 నాటిది మంచి ఇయర్‌ఫోన్లలో వింటే పదిహేడేళ్ల పిల్లకు తెలియదు. బిల్‌బోర్డ్ ఆల్బముల పట్టికలో ఆ ఆల్బము 1973 నుంచి 1988 దాకా 741 వారాలు కనిపించడం వెనుక సంగీతంతో పాటు ఈ ధ్వని కూడా ఉంది. కొత్త స్టీరియో కొన్నవాడు దాన్ని పరీక్షించడానికి పెట్టుకునే ఆల్బము అదే.

మా కాలనీలో మేము విన్న తీరు వేరే లెండి. విశాఖపట్నంలో ఖాళీ కేసెట్టు ఇస్తే అడిగిన పాటలు ఎక్కించి ఇచ్చే దుకాణాలు ఉండేవి. ఆ కేసెట్టు ఇంటింటికీ తిరిగి టేపు సాగిపోయి పాట అపశ్రుతిగా వినిపించినా, మానేసినవాడు లేడు.

జవాబు: పర్లాకిమిడి, గిటారిస్టు

పెద్దలిద్దరూ వినేవారి వైపు నుంచి చెప్పారు. నేను వాయించేవాణ్ణి కనుక ఇంకోలా చెబుతాను. ఈ సంగీతం చెవి నుంచి చెవికి వచ్చినదాని కన్న చేతి నుంచి చేతికి వచ్చినదే ఎక్కువ.

మా గజపతి జిల్లాలోనూ మీ రాయగడలోనూ గిటారు చాలామంది చేతికి మొదట వచ్చేది చర్చి గాయకబృందంలోనే. అక్కడ మూడు నాలుగు కార్డులు పట్టుకోవడం వచ్చిన కుర్రవాడు, ఆదివారం ఆరాధన అయిపోయాక పక్కవాడి దగ్గర నేర్చుకునేది ‘స్మోక్ ఆన్ ద వాటర్’ ఎత్తుగడ. దాన్ని ఒక్క సాయంత్రంలో వాయించవచ్చు. ఆ పాట 1972లో డీప్ పర్పుల్ వారి ‘మెషిన్ హెడ్’లో వచ్చింది. అంతకుముందు డిసెంబరులో స్విట్జర్లాండులోని మాంట్రో పట్టణంలో రికార్డింగుకు వెళ్లిన ఆ బృందం, అక్కడి కేసినో కచేరీ నడుమ తగలబడిపోతుంటే చూసి ఆ సంఘటననే పాటగా కట్టింది. ఈ కథ నాకు ఎత్తుగడ నేర్చుకున్న చాలాకాలానికి తెలిసింది. తెలియకముందు కూడా పాట తగ్గిందేమీ లేదు.

ఇలా పిరికివాడికీ ఒక మెట్టు, ఆరితేరినవాడికీ ఒక మెట్టు ఉన్న సంగీతం అరుదు. మన సినిమా పాటలో ఒకరు స్వరపరుస్తారు, ఒకరు రాస్తారు, ఒకరు పాడతారు, ముప్పై మంది వాయిస్తారు. అది గొప్ప పద్ధతే, కాని నలుగురు కుర్రవాళ్లు ఇంటి వసారాలో కూర్చుని ఆ పాటను అచ్చంగా తిరిగి పలికించలేరు. రాక్ బృందంలో రాసినదీ పాడినదీ వాయించినదీ ఆ నలుగురైదుగురే కావడంతో, మేమూ చేయగలమన్న ఆశ పుడుతుంది.

వ్యాపారం మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి. గాయకుడు బాబ్ డిలాన్ తన పాటల హక్కులను 2020లో యూనివర్సల్ సంగీత సంస్థకు, మరో గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 2021లో సోనీ సంస్థకు అమ్మారు. కొన్నవారు వాటిని మూలన పడేయరు. 2018లో క్వీన్ బృందం మీద వచ్చిన సినిమా వారి పాటలను కొత్త పిల్లలకు చేర్చింది. 1985లో బ్రిటన్‌లో మూడవ స్థానం దగ్గర ఆగిపోయిన కేట్ బుష్ పాట ఒకటి, ఒక వెబ్ సిరీస్‌లో వినిపించగానే 2022లో మొదటి స్థానానికి ఎక్కింది. పిల్లలు తమంతట తామే వెతుక్కుంటున్నారని మనం మురిసిపోయేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది. అయితే ప్రచారం మొదటిసారి వినిపించగలదే గాని పదోసారి వినిపించలేదు.

జవాబు: బల్లార్‌పూర్, కళాశాల అధ్యాపకుడు

ప్రశ్న వేసినవారు జ్ఞాపకాల కారణాన్ని తొందరపడి పక్కన పెట్టేశారని నాకనిపిస్తోంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కరోల్ క్రమ్‌హాన్సల్, మరొక పరిశోధకుడు కలిసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఇరవై ఏళ్ల వయసు వారికి గత దశాబ్దాల జనాదరణ పొందిన పాటలు వినిపించారు. తమ కాలపు పాటలతో పాటు, తల్లిదండ్రులు యువకులుగా ఉన్ననాటి పాటలతోనూ వారికి దగ్గరితనం కనిపించింది. అరవైల పాటల దగ్గర కూడా ఆ దగ్గరితనం మళ్లీ కొంత పెరిగినట్టు కనిపించింది. చిన్నతనంలో ఇంట్లో నేపథ్యంగా మోగిన పాట తరువాత సొంత పాటలా తోస్తుందన్నది దానికి వారు చూపిన ఒక వివరణ. మీరు అమ్మాయిని వినమనలేదు, కాని ఆమె పసితనంలో మీరు వింటూ ఉండి ఉంటారు. తండ్రి వినమన్న పాటను పిల్లలు వినరు. తండ్రి తనకోసం పెట్టుకున్న పాటను వింటారు. మీ తొంభైల సినిమా పాటలకు పట్టిన గతికి కారణం అదేనేమో చూసుకోండి.

ఒక అభ్యంతరం కూడా ఉంది. ‘తరతరాలకూ నచ్చింది’ అంటున్నాం గాని, ఎవరి తరాలు? మా చంద్రపూర్ బొగ్గు గనులలో పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో నేను చూసినంతవరకు ఈ సంగీతం అధికారుల క్వార్టర్లలోనే వినిపించేది. కార్మికుల వాడలో వినిపించేవి రేడియోలోని తెలుగు, హిందీ పాటలు. పర్లాకిమిడి మిత్రులు చెప్పిన చర్చి దారి నాకు కొత్త, ఆ దారి మా వైపు ఇంతగా లేదు. ఫోను వచ్చాక తేడా కొంత తగ్గిందన్నది నిజమే.

ప్రశ్న వేసినవారి మాట: రాయగడ నివాసి

అందరికీ కృతజ్ఞతలు. బల్లార్‌పూర్ అధ్యాపకులవారి మాట ఇంట్లో చెబితే, అమ్మాయి చిన్నప్పుడు ఈగిల్స్ వారి ‘హోటల్ కాలిఫోర్నియా’ వినపడితే తప్ప అన్నం తినేది కాదని మా ఆవిడ గుర్తు చేసింది. నేను మరిచిపోయాను. అయినా లెడ్ జెపెలిన్ మా ఇంట్లో ఎప్పుడూ మోగలేదు, కనుక చేతి నుంచి చేతికి వచ్చిందన్న వాదనే నాకు ఎక్కువ నచ్చింది. అమ్మాయి కూడా ఇప్పుడు గిటారు కావాలంటోంది. ‘హోటల్ కాలిఫోర్నియా’తో మొదలుపెట్టవచ్చా?

జవాబు: పర్లాకిమిడి, గిటారిస్టు

కార్డుల వరకు మొదలుపెట్టవచ్చు. ఎనిమిది కార్డులు వరుసగా వచ్చి మళ్లీ మొదటికి తిరుగుతాయి. ఏడవ మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) బిగిస్తే రికార్డులోని శ్రుతికి, పట్టుకోవడానికి తేలికైన ఆకారాలు దొరుకుతాయి. పాట చివర దాదాపు రెండు నిమిషాల పాటు సాగే భాగం మాత్రం డాన్ ఫెల్డర్, జో వాల్ష్ ఇద్దరూ కలిసి వాయించినది. కొసలో రెండు గిటార్లు జంటగా నడుస్తాయి కనుక అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అమ్మాయికి ఆరు నెలలు కార్డులు కుదరనివ్వండి, ఆలోగా రెండవ గిటారు ఎవరు పట్టుకుంటారో మీ ఇంట్లో తేల్చుకోండి. మేనమామగారిని కూడా అడిగి చూడండి.