కిటికీ పక్కన తీసిన ఫొటోను చీకటి నిండిన నలుపు తెలుపు చిత్రంగా మార్చడం ఎలా?

ప్రశ్న

మా ఊరి ఇంట్లో మధ్యాహ్నం మూడు గంటల వేళ కిటికీ పక్కన కూర్చున్న మా తాతయ్యను ఫొటో తీశాను. వెలుగు ఎడమ వైపు నుంచి పడుతోంది. వెనుక నీలం సున్నం వేసిన గోడ, దానిపై క్యాలెండరు, ఆయన భుజంపై తెల్లని కండువా ఉన్నాయి. ముఖం ఒక్కటే చీకటిలోంచి తేలి వచ్చినట్లు ఉండాలని రంగులన్నీ తీసివేసి ఎక్స్‌పోజర్‌ను (చిత్రం మొత్తం వెలుగును) రెండు స్టాపులు, అంటే నాలుగో వంతుకు, తగ్గించాను. తీరా చూస్తే ముఖానికి మసి పూసినట్లయింది, కండువా మాత్రం మెరుస్తూనే ఉంది. రా ఫైలు (కెమెరా నేరుగా నమోదు చేసిన అసలు ఫైలు) భద్రంగా ఉంది. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్, గింప్ రెండూ కొద్దోగొప్పో వచ్చు. ఎక్కడ పొరబడ్డానో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

ఎక్స్‌పోజర్ తగ్గిస్తే నీడలతో పాటు ముఖం మీది వెలుగు కూడా అంతే తగ్గుతుంది కనుక దానిని మళ్లీ పాత స్థానానికి తెచ్చి, ముందుగా లైట్‌రూమ్‌లో, ఒక్కో రంగు ఎంత వెలుగుగా కనిపించాలో నిర్ణయించే నలుపు తెలుపు మిక్సర్‌ను తెరవండి. చామనఛాయ అయినా నలుపు అయినా మన చర్మంలో ఎరుపు, నారింజల పాలే ఎక్కువ. నారింజ స్లైడర్‌ను కాస్త పెంచితే ముఖం తేరుకుంటుంది, నీలాన్ని తగ్గిస్తే మీ గోడ దానంతటదే చీకట్లోకి జారుకుంటుంది. నీలి గోడ దొరకడం నిజానికి మీ అదృష్టం. పసుపు గోడ అయి ఉంటే ముఖంతో పాటు అదీ వెలిగేది. అయితే నీలాన్ని ఒకేసారి చివరిదాకా లాగకండి, జుట్టు అంచున తెల్లని గీత, గోడ మీద ఇసుక చల్లినట్లు నాయిస్ బయటపడతాయి.

కండువా తెల్లనిది కనుక రంగుల స్లైడర్లకు లొంగదు, దానిని చేత్తోనే అణచాలి. చిత్రాన్ని ఛాయల మెట్లు ఎక్కువగా ఉండే 16 బిట్ టిఫ్ ఫైలుగా గింప్‌లోకి తెచ్చుకోండి. ఒక్కో చానెల్‌కు (ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్కోదానికి) 256 మెట్లే ఉండే 8 బిట్ ఫైలులో నీడను సాగదీస్తే, గోడపై వెలుగు నలుపులో కలిసేచోట చారలు పడతాయి. పైన ఒక కొత్త లేయరును (పొరను) 50 శాతం బూడిద రంగుతో నింపి, ముదురు రంగు కింది చిత్రాన్ని నల్లబరిచే, లేత రంగు వెలిగించే సాఫ్ట్ లైట్ మోడ్‌లో పెడితే మొదట ఏ మార్పూ కనిపించదు. 5 నుంచి 10 శాతం ఒపాసిటీ (గాఢత) ఉన్న మెత్తని నల్ల బ్రష్‌తో ఆ లేయరు మీద పలుమార్లు రుద్దితే కండువా, క్యాలెండరు నెమ్మదిగా అణుగుతాయి.

రెండవ జవాబు

పై సలహా సరైనదే, ఒక్క మాట కలుపుతాను. మీరు గీసే నీడ కిటికీ చెప్పినట్లు వినాలి. వెలుగు ఎడమ నుంచి వస్తున్నప్పుడు, ముఖం చుట్టూ గుండ్రంగా విగ్నెట్ (అంచులను నల్లబరిచే నీడ) వేస్తే ఎడమ భుజం కూడా నల్లబడి, ఎవరో టార్చిలైటు వేసినట్లుంటుంది. నీడ పడిన చెంప మీద, కంటి కింద చిన్న త్రికోణంలా వెలుగు మిగిలి ఉందేమో చూడండి. చిత్రకారుడు రెంబ్రాంట్ పేరుతో పిలిచే వెలుగు అదే. ఉంటే అదే బూడిద లేయరు మీద తెల్ల బ్రష్‌తో దానిని కొద్దిగా పైకి తీయండి, లేకపోతే మాత్రం కొత్తగా సృష్టించకండి, చూడగానే అతికించినట్లు తెలిసిపోతుంది. అంచుల తేడాను ఎత్తిచూపే క్లారిటీ స్లైడర్‌ను అతిగా పెంచి ముడతలను బొగ్గు గీతలుగా మార్చే అలవాటు నాకు బొత్తిగా నచ్చదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నీలాన్ని సగం తగ్గించేసరికే గోడ మాయమైంది. కండువాకు మాత్రం గంట పట్టింది. త్రికోణం ఉంది, కళ్లజోడు ఫ్రేము నీడలో ఇంతసేపూ నేనే గమనించలేదు. దీనిని మ్యాట్ కాగితం మీద ప్రింటు వేయించి హాల్లో పెట్టాలని ఉంది.

మూడవ జవాబు

అలాగైతే కంప్యూటరు తెర వెలుగును సగానికి తగ్గించి ఒకసారి చూడండి, ఎందుకంటే తెర మీద విడివిడిగా కనిపించే ముదురు ఛాయలు మ్యాట్ కాగితంపై ఒకే నలుపులో కలిసిపోతాయి. కుడి చెవి, చొక్కా కాలరు కనిపించాలనుకుంటే వాటిని ఇప్పుడే కొద్దిగా పైకి లేపి, పెద్ద ప్రింటుకు ముందు పోస్టుకార్డు సైజులో ఒకటి తీయించుకోండి.