ఒకే శాతం పన్ను న్యాయమా, శ్లాబుల పన్ను న్యాయమా?

ప్రశ్న: గోదావరి గట్టు

నేను హైదరాబాదులో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాను. కొత్త పన్ను విధానాన్నే ఎంచుకున్నాను. 2025-26కు నా జీతం ఏడాదికి సరిగ్గా 12,75,000 రూపాయలు. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా మిగిలేది 12 లక్షలే కాబట్టి పన్ను ఒక్క రూపాయి కూడా లేదు. ఇంతలో ఇంక్రిమెంటు వచ్చి, సంవత్సరం మొత్తం మీద 60,000 పెరిగింది. అకౌంట్సు వారు లెక్కకట్టి, టీడీఎస్ కింద 62,400 కోయాలని చెప్పారు. జీతం పెరిగిన పాపానికి నేనే 2,400 ఎదురిచ్చుకోవలసి వచ్చిందన్నమాట. ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని మరో ఇద్దరి చేత లెక్క చూపించాను, సరిగ్గానే ఉందట.

అప్పటి నుంచి నాకొక సందేహం పట్టుకుంది. అందరికీ ఒకే శాతం పెడితే ఈ బాధ ఉండదు కదా? లక్ష సంపాదించినవారు పది వేలు, కోటి సంపాదించినవారు పది లక్షలు కడితే, ఎక్కువ ఉన్నవారు ఎలాగూ ఎక్కువే కట్టినట్టు. దానికి తోడు శాతాన్ని కూడా పెంచుకుంటూ పోవడంలో న్యాయం ఏమిటో పెద్దలు వివరించగలరు.

జవాబు 1: పాత పద్దు

ముప్పై ఏళ్లుగా ఆడిటు పనిలో ఉన్నవాడిని. మీ లెక్క సరైనదే, కానీ మీరు దోషం మోపింది వేరొకరి మీద. శ్లాబు, అంటే ఆదాయపు మెట్టు, పెరిగితే మొత్తం ఆదాయం మీద ఎక్కువ శాతం పడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ శ్లాబులోకి వచ్చిన భాగం మీదనే పడుతుంది. మొదటి 4 లక్షలకు ఏమీ లేదు, తర్వాతి 4 లక్షలకు 5 శాతం, ఆ పైన 12 లక్షల దాకా 10 శాతం, అక్కడి నుంచి 16 లక్షల దాకా 15 శాతం. ఈ లెక్కన మీ 12,60,000కు పన్ను 69,000. అందులో ఇంక్రిమెంటు వల్ల కొత్తగా చేరినది 9,000 మాత్రమే.

మిగతా 60,000 ఎక్కడిదంటే, 12 లక్షల లోపు ఉన్నవారికి ప్రభుత్వం రిబేటు రూపంలో మాఫీ చేస్తున్న సొమ్ము. మీరు గీత దాటగానే ఆ మాఫీ మొత్తంగా పోయింది. గీత దాటిన మొత్తానికి మించి పన్ను పడకూడదన్న నియమం ఉంది కాబట్టి 69,000ను 60,000కు తగ్గించారు. దానిపై 4 శాతం సెస్సు 2,400 మామూలుగానే వేశారు. అంటే 12,00,000 నుంచి సుమారు 12,70,588 దాకా అదనంగా సంపాదించిన ప్రతి రూపాయీ పన్నుకే పోతుంది. ఇది శ్లాబుల తప్పు కాదు, రిబేటును ఒక్క గీత దగ్గర ఆపేసిన తప్పు.

వీలైతే మీ సంస్థ ఇంక్రిమెంటులో కొంత భాగాన్ని యజమాని వాటాగా జాతీయ పింఛను పథకమైన ఎన్‌పీఎస్‌లో జమ చేస్తుందేమో అడగండి. కొత్త విధానంలో కూడా మూలవేతనంలో 14 శాతం వరకు దానికి మినహాయింపు ఉంది.

జవాబు 2: నాలుగో గది

నేను వాణిజ్య పన్నుల శాఖలో చేసి పదవీ విరమణ పొందాను. నా మొగ్గు ఒకే శాతం వైపే. 1973-74లో మన దేశంలో అత్యధిక ఆదాయపు పన్ను రేటు సర్‌ఛార్జీతో కలిపి 97.75 శాతం. నూటికి రెండు రూపాయల పావలా మాత్రమే మిగిలే చోట ఆదాయాన్ని నిజాయితీగా ఎవరు చూపిస్తారు? ప్రత్యక్ష పన్నులపై ప్రభుత్వం వేసిన వాంఛూ కమిటీ 1971లోనే రేటు తగ్గించమని చెప్పింది. 1974-75లో 77కు, 1985-86లో 50కి, 1997-98లో 30కి దిగింది. కానీ ఈలోగా వ్యాపారికి ఒకటో నంబరు పుస్తకం, రెండో నంబరు పుస్తకం అలవాటైపోయాయి. స్థలం అమ్మేటప్పుడు రిజిస్ట్రేషను విలువ ఒకటి, చేతులు మారేది ఒకటి అన్న ఆచారం ఇప్పటికీ పోలేదు.

రేట్లు ఎన్ని ఉంటే, ఆదాయాన్ని భార్య పేరుకో, తండ్రి పేరుకో, ఉమ్మడి కుటుంబం ఖాతాకో మళ్లించే దారులు అన్ని ఉంటాయి. ఒకే శాతం ఉంటే అలా మళ్లించినా ఒరిగేది పెద్దగా ఉండదు కనుక ఆ పని తగ్గుతుంది.

జవాబు 3: టాలిన్ నుంచి

కొన్నేళ్లుగా ఎస్తోనియాలో ఉంటున్నాను. 1994లో ఈ దేశం ఒకే శాతం ఆదాయపు పన్నును తెచ్చింది, అప్పట్లో అది 26; 2015లో 20కి తగ్గి, 2025లో మళ్లీ 22కు పెరిగింది. రిటర్ను వేయడం ఇక్కడ టీ తాగినంత పని. అయితే నాలుగో గది గారు ఊహించుకున్నంత చదునుగా మాత్రం లేదు. 2018 నుంచి ఇక్కడ నెలకు మొదట్లో 500 యూరోల దాకా మినహాయింపు ఇచ్చి, నెల ఆదాయం 1,200 యూరోలు దాటినకొద్దీ దాన్ని తగ్గిస్తూ 2,100 దగ్గర పూర్తిగా తీసేశారు. ఆ మధ్యలో ఉన్నవారికి జీతం పెరిగిన ప్రతిసారీ రెండు వైపుల నుంచీ కోత పడేది. ఇక్కడివారు దాన్ని "పన్ను మూపురం" అంటారు. కాగితం మీద రేటు ఒక్కటే. అయినా మధ్యతరగతి వీపు మీద మూపురం మొలిచింది. గోదావరి గట్టు గారి 12 లక్షల గీత దానికి దగ్గరి చుట్టమే. చివరికి 2026 నుంచి ఆదాయంతో సంబంధం లేకుండా అందరికీ నెలకు 700 యూరోల మినహాయింపు ఇచ్చి ఆ మూపురాన్ని కోసేశారు.

పొరుగున రష్యా 2001లో 13 శాతం పెట్టి, 2021లో 50 లక్షల రూబుళ్లు దాటిన ఆదాయానికి 15 శాతం చేసి, 2025 నుంచి 13 మొదలుకొని 22 దాకా అయిదు మెట్లు కట్టుకుంది. స్లొవేకియా 2004లో తెచ్చుకున్న 19 శాతాన్ని 2013లో వదిలేసింది. బల్గేరియా మాత్రం 2008 నుంచి 10 శాతం దగ్గరే ఉంది.

జవాబు 4: బల్లకట్టు మాస్టారు

అర్థశాస్త్రం పాఠాల్లో అనుపాత పన్ను (అందరికీ ఒకే శాతం), పురోగామి పన్ను (ఆదాయంతో పాటు శాతం పెరిగేది) అని రెండు పేర్లు చెబుతాం గాని, మినహాయింపు పరిమితి పెట్టగానే మొదటిది కూడా కొంత రెండోదిగా మారిపోతుందని పిల్లలకు చెప్పడం మరచిపోతాం. మొదటి 4 లక్షలు వదిలేసి, ఆ పైన అందరికీ 15 శాతం అనుకుందాం. 8 లక్షలవారు 60,000 కడతారు, అంటే ఆదాయంలో 7.5 శాతం. 40 లక్షలవారు 5,40,000 కడతారు, అంటే 13.5 శాతం. ఇప్పటి శ్లాబుల్లో అయితే 8 లక్షలవారికి రిబేటు వల్ల సున్నా, 40 లక్షలవారికి సెస్సు కాక 7,80,000. పైవారికి 2,40,000 తగ్గించి, కిందివారి నుంచి కొత్తగా 60,000 తీసుకోవడమే ఈ మార్పు సారాంశం. సరళత కోసం ఇది చేయవచ్చనేవారు ఆ 60,000 ఏ ఖర్చులోంచి వస్తుందో కూడా చెప్పాలి. అద్దె, బడి ఫీజు, బియ్యం కొన్నాక మిగిలే రూపాయికీ, అవన్నీ తీరి షేర్లలోకి పోయే రూపాయికీ ఒకే బరువు ఉండదు.

అసలైన ఒకే కొలత పన్ను చూడాలంటే మన రెండు రాష్ట్రాల్లోని వృత్తి పన్నును చూడండి. నెల జీతం 20,000 దాటిన గుమాస్తాకూ నెలకు 200, అయిదు లక్షలు తీసుకునే మేనేజరుకూ 200. రాజ్యాంగంలోని 276వ అధికరణం ఏడాదికి 2,500 దాటనివ్వదు కాబట్టి పైవారి నుంచి ఎక్కువ తీసుకుందామన్నా కుదరదు. జీఎస్టీ కూడా అంతే. సబ్బు కొన్న కూలీకీ, కంపెనీ యజమానికీ ఒకే రేటు. ఇవన్నీ కిందివారి మీద ఎక్కువ భారం మోపుతున్నప్పుడు, ఆదాయపు పన్ను ఒక్కటైనా పైవైపు మొగ్గడం అన్యాయమని నేను అనుకోను.

నాకు అన్యాయం కనిపించేది మరో చోట. జీతంగా 40 లక్షలు వస్తే 7,80,000. అదే 40 లక్షలు లిస్టెడ్ షేర్ల మీద దీర్ఘకాలిక లాభంగా వస్తే, 1,25,000 దాటిన దానిపై 12.5 శాతం చొప్పున అయిదు లక్షల లోపే. సేద్యం ఆదాయానికి, అది కోటి అయినా, కేంద్రం పన్ను వేయదు. శ్లాబులు ఎంత ఎత్తుగా కట్టినా జీతగాడే ఎక్కుతున్నాడు.

జవాబు 5: నాలుగో గది

షేర్ల లాభం మాట వేరు మాస్టారూ. ఆ కంపెనీ తన లాభం మీద ముందే పన్ను కట్టింది. సేద్యం సంగతిలో మీతో ఏకీభవిస్తాను, అయితే అది రాష్ట్రాల పరిధిలోనిది. ఓట్ల ముందు దాన్ని కదిలించే నాయకుడెవరో మీరే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: గోదావరి గట్టు

అందరికీ ధన్యవాదాలు. ఎన్‌పీఎస్ గురించి మా హెచ్‌ఆర్ వారికి రాశాను. పాత పద్దు గారూ, రిబేటు తీసేసి 12 లక్షల దాకా అందరికీ మినహాయింపే ఇవ్వవచ్చు కదా?

జవాబు 6: పాత పద్దు

ఇవ్వవచ్చు, కానీ అప్పుడు కోటి రూపాయలు సంపాదించేవారికి కూడా కనీసం 60,000 తగ్గుతుంది; ఖజానాకు ఆ నష్టం లేకుండా చూడడానికే రిబేటు దారి పట్టారు. నాకు తోచిన మధ్యేమార్గం, గీత దాటిన ప్రతి రూపాయికీ రిబేటులో పావలా చొప్పున తగ్గించుకుంటూ పోవడం. అలా చేస్తే 14,40,000 దగ్గర రిబేటు పూర్తిగా కరుగుతుంది. మధ్యలో ఉన్నవారికి 15కు మరో 25 కలిసి, అదనపు రూపాయిపై 40 శాతం పడుతుంది. అది 24 లక్షలు దాటినవారి 30 శాతం కంటే ఎక్కువ కాబట్టి, టాలిన్ మిత్రుడి మూపురం ఇక్కడా తప్పదు. కాకపోతే మీ 12,60,000 మీద పన్ను 24,000 అవుతుంది, సెస్సుతో 24,960. మీ ఇంక్రిమెంటులో 35,040 మీ దగ్గరే ఉండేది.