సైన్యం ఇచ్చిన గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్‌తో లా చదవవచ్చా? పాపకు స్కాలర్‌షిప్ ఎలా? మీ అనుభవాలు చెప్పండి

దేవరకొండ హవల్దార్

అందరికీ నమస్కారం. తోపఖానాలో (ఫిరంగి దళంలో) ఇరవై నాలుగేళ్లు పనిచేసి నిరుడు హవల్దారుగా పదవీ విరమణ చేశాను. మాది దేవరకొండ దగ్గర పల్లె. పదో తరగతి పాసై భర్తీలో ఎంపికయ్యాను, ఆ తర్వాత చదివింది లేదు. సైన్యం నుంచి వచ్చేటప్పుడు గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ అని ఒక కాగితం ఇచ్చారు. ఊళ్లో భూమి తగాదాలు చూస్తుంటే లా చదవాలనిపిస్తోంది. అన్నదమ్ములు పాసుపుస్తకం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే, ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పేవాడు కూడా లేడు. నా సర్టిఫికెట్‌తో మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరవచ్చా?

రెండో సంగతి మా పెద్దమ్మాయిది. ఇంటర్‌లో 91 శాతం వచ్చింది, ఎప్‌సెట్ రాసింది. మాజీ సైనికుల పిల్లలకు సీట్లు ఉన్నాయని, స్కాలర్‌షిప్ ఉందని విన్నాను. అయితే నా డిశ్చార్జి పుస్తకంలో పాప పేరుకు ఇంటిపేరు లేదు, పదో తరగతి మెమోలో ఉంది. పుట్టిన తేదీ కూడా తేడా. బడిలో వేసేటప్పుడు మా నాన్న చెప్పిన తేదీని అయ్యవారు రాసుకున్నారు, నేనప్పుడు పఠాన్‌కోట్‌లో ఉన్నాను. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

సూర్యాపేట సుబేదార్

తమ్ముడూ, ముందు ఆ సర్టిఫికెట్ సంగతి చెబుతాను. అది డిగ్రీ కాదు. పదో తరగతి పాసై 15 ఏళ్లకు తక్కువ కాకుండా సర్వీసు చేసినవాళ్లను, డిగ్రీ అడిగే గ్రూప్-సి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు అర్హులుగా చూడమని 1986లో కేంద్రం ఆదేశం ఇచ్చింది. సాంకేతిక అనుభవం తప్పనిసరి అయిన పోస్టులకు అదీ వర్తించదు. ఆ కాగితం ఉద్యోగ భర్తీ కోసం పుట్టింది. విశ్వవిద్యాలయానికి దానితో సంబంధం లేదు.

నాకు ఈ సంగతి ఎలా తెలిసిందంటే, నేనూ ఎం.ఏ. చదవాలని దాన్ని లామినేషన్ చేయించి తీసుకెళ్లాను. ప్రవేశాల గదిలో కూర్చున్నాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "సార్, దీని మీద విశ్వవిద్యాలయం పేరేది? మార్కుల జాబితా ఏది?" అన్నాడు. మర్యాదగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఎనిమిదేళ్లు యూనిఫాం వేసుకున్నవాణ్ణి, అంతమంది పిల్లల మధ్య వరుసలోంచి పక్కకు జరిగి నిలబడ్డాను. ఆ బాధ మరొకరికి రాకూడదనే ఇంత రాస్తున్నాను. సైన్యం నుంచి బయటికి వచ్చేరోజు ఈ ఒక్క మాట ఎవరైనా చెప్పి ఉంటే నాకు రెండేళ్లు మిగిలేవి.

నల్లగొండ అధ్యాపకుడు

సుబేదార్ గారు చెప్పింది నిజం. నేను డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతాను, మా తరగతుల్లో మాజీ సైనికులు ఏటా ఒకరిద్దరు కనిపిస్తూనే ఉంటారు. హవల్దార్ గారూ, లా అన్నారు కాబట్టి మీకు ఒక హెచ్చరిక చెప్పాలి.

అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే మార్గం ఉంటూ వచ్చింది. 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా అది మొదలైంది. చదువు మధ్యలో ఆగిన లక్షలమందికి తలుపు తెరిచింది, అందులో సందేహం లేదు. మిమ్మల్ని కూడా ఎవరో ఒకరు "నేరుగా అర్హత పరీక్ష రాసెయ్యి, ఇంటర్ ఎందుకు" అని తొందరపెడతారు. ఆ దారిన పోవద్దు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్య నియమాల ప్రకారం, కింది అర్హత లేకుండా సార్వత్రిక పద్ధతిలో నేరుగా డిగ్రీ సంపాదించినవారికి లా కోర్సులో ప్రవేశం లేదు. అంటే పది, ఇంటర్, డిగ్రీ ఒకదాని మీద ఒకటి మెట్లుగా ఉండాలి. దూరవిద్యలో చదివారన్నది అభ్యంతరం కాదు, మధ్యలో మెట్టు లేకపోవడమే అభ్యంతరం.

మా దగ్గరికి వచ్చిన, సైన్యంలో నాయక్ హోదాలో చేసిన ఒకాయన సరిగ్గా ఇక్కడే దెబ్బతిన్నాడు. అర్హత పరీక్ష రాశాడు, మూడేళ్లు చదివి మంచి మార్కులతో డిగ్రీ తెచ్చుకున్నాడు, లాసెట్‌లో ర్యాంకు కూడా వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలనలో ఇంటర్ మెమో అడిగారు. అంతే. మళ్లీ వెనక్కి వెళ్లి ఇంటర్ చదివినా, డిగ్రీ తర్వాత ఇంటర్ అయింది కాబట్టి వరుస తప్పింది.

కాబట్టి ముందు తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా ఇంటర్ పూర్తి చేయండి. ఐదు సబ్జెక్టులు. ఆ తర్వాత డిగ్రీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేయండి. నల్లగొండలో ఎన్జీ కళాశాలలో, మహబూబ్‌నగర్‌లో ఎంవీఎస్ కళాశాలలో అధ్యయన కేంద్రాలున్నాయి. దాని తర్వాత లాసెట్. వయసు గురించి భయపడకండి, మూడేళ్ల లాకు గరిష్ఠ వయోపరిమితి లేదు. డిగ్రీలో మార్కుల శాతం మాత్రం చూసుకోండి. సాధారణ వర్గానికి 45, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 ఉండాలి.

జడ్చర్ల సిగ్నల్స్

ఇన్నేళ్లు చదువుతూ కూర్చుంటే ఇల్లు గడిచేదెలా? నన్నడిగితే ఆ సర్టిఫికెట్‌తోనే కేంద్ర ఉద్యోగాలకు పరీక్షలు రాయమంటాను. మాజీ సైనికులకు కోటా ఉంది, వయసు సడలింపు ఉంది. నేను అలాగే వెళ్లాను, ఇవాళ రెండో ఉద్యోగం చేస్తున్నాను. చదువు మంచిదే, కాదనను. కానీ నలభై మూడేళ్ల మనిషికి ఏడెనిమిదేళ్ల ప్రయాణం చెబుతున్నారు, అది కూడా చెప్పాలి కదా.

సూర్యాపేట సుబేదార్

నీ మాట కొట్టిపారేయను భాయ్. పింఛను ఒక్కటే ఆధారమైన ఇంట్లో ముందు ఉద్యోగమే చూడాలి. కానీ ఈయన అడిగింది ఊళ్లో కాగితాలు చదివి చెప్పే మనిషి కావడం గురించి. ఆ కోరిక ఉన్నవాడికి ఏడేళ్లు ఎక్కువ కాదు. సియాచిన్‌లో, రాజస్థాన్ ఎడారిలో రోజులు లెక్కపెట్టినవాళ్లం. ఉద్యోగం చేస్తూనే ఓపెన్ ఇంటర్, డిగ్రీ చేయవచ్చు, రెండూ ఒకదానికొకటి అడ్డం కావు.

పాలమూరు అక్క

అన్నయ్యా, మీ పాప విషయం నేను చెబుతాను. మా ఆయన సైన్యం నుంచి వచ్చిన మూడేళ్లకే గుండెపోటుతో పోయారు. అప్పటికి నాకు డిగ్రీ ఉంది, ఇద్దరు చిన్నపిల్లలు. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం పిల్లలకే కాదు, మాజీ సైనికుల భార్యలు వితంతువులైతే వాళ్లకూ వర్తిస్తుందని సైనిక సంక్షేమ కార్యాలయంలో తెలిసింది. ఆ డబ్బుతోనే బీఈడీ చదివాను.

కేంద్రీయ సైనిక్ బోర్డు ఈ పథకాన్ని 2006-07 నుంచి నడుపుతోంది. ఏటా 5,500 మందికి ఇస్తారు, సగం అబ్బాయిలకు, సగం అమ్మాయిలకు. అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500 రూపాయలు. ఏడాదికి ఒక్కసారి ఖాతాలో పడుతుంది, అంటే మీ పాపకు 36,000. ఇంజనీరింగ్, వైద్యం, ఫార్మసీ, బీఈడీ, ఎంబీఏ వంటి వృత్తి కోర్సులకే ఇది. దూరవిద్యకు లేదు. కోర్సులో చేరడానికి కావలసిన పరీక్షలో కనీసం 60 శాతం ఉండాలి, మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు చేయాలి. రెండో ఏడు గుర్తొస్తే లాభం లేదు. 60 వస్తే వచ్చేసినట్టు కూడా కాదు. అమరుల పిల్లలు, వికలాంగులైనవారి పిల్లలు ముందు వరుసలో ఉంటారు, మనం చివరి వరుసలో మార్కుల మీద పోటీపడాలి. పాపకు 91 కాబట్టి ధైర్యంగా ఉండండి. తర్వాత ప్రతి ఏడూ కనీసం 50 శాతం తెచ్చుకుంటేనే కొనసాగుతుంది.

ఇక పేరు తేడా. దీన్ని ఇవాళే మొదలుపెట్టండి, సీటు వచ్చాక చూద్దామనుకోవద్దు. మా ఆయన డిశ్చార్జి పుస్తకంలో నా పేరు ఒక అక్షరం తేడాతో పడింది. పెళ్లయిన కొత్తలో యూనిట్‌లో రాసుకున్న పేరు అది. ఆ ఒక్క అక్షరం కోసం నోటరీ అఫిడవిట్, ఆధార్, పదో తరగతి మెమో జతచేసి సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా సైన్యం రికార్డు ఆఫీసుకు పంపాను. జవాబు రావడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ పోస్ట్‌మ్యాన్ సైకిల్ గంట మోగితే చాలు, చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేదాన్ని.

ఇంకో చిన్న సంగతి, దీని మీదే నా దరఖాస్తు ఒకసారి వెనక్కి వచ్చింది. కాలేజీ ఇచ్చే బోనఫైడ్ పత్రం బోర్డు ఇచ్చిన నమూనాలోనే ఉండాలి. మా కాలేజీ గుమాస్తా తమ లెటర్‌హెడ్ మీద సొంతంగా టైపు చేసి ఇచ్చాడు. రెండోసారి సరైన నమూనాలో ఇచ్చాడు గానీ, గుండ్రటి ముద్ర తేదీ మీద పడి తేదీ కనబడలేదు. మూడోసారి నేనే కాగితం మీద పెన్సిలుతో చిన్న గీత గీసి, "ముద్ర ఇక్కడ వేయండి సార్" అని చూపించాను. స్కాన్ చేసేముందు ప్రతి ముద్ర, ప్రతి సంతకం కింద ఏముందో చూసుకోండి. ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా పాప పేరు మీదే తెరవండి.

దేవరకొండ హవల్దార్

అమ్మా, మీరు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. నా భార్య మీకు నమస్కారాలు చెప్పమంది. పేరు విషయం రేపే మొదలుపెడతాను. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో సీటు సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మాకు తొమ్మిదో తరగతి బాబు కూడా ఉన్నాడు, వాడికి ఏమైనా వస్తుందా?

జడ్చర్ల సిగ్నల్స్

సీటు సంగతి నేను చెబుతాను, ఎందుకంటే మా వాడి విషయంలో పోగొట్టుకున్నాను. సైనికుల పిల్లల కోటాను క్యాప్ అంటారు. ఇంజనీరింగ్‌లో 2 శాతం సీట్లు. మాజీ సైనికుడు తెలంగాణ స్థానికుడై ఉండాలి. ఇక్కడా అమరుల పిల్లలకు తొలి ప్రాధాన్యం, మనవాళ్లు తర్వాత. దరఖాస్తులో ఆ వర్గం దగ్గర అవును అని పెట్టాలి. మా వాడు ఇంటర్నెట్ కేంద్రంలో హడావిడిగా నింపి కాదు అని పెట్టాడు, నేనూ చూడలేదు. తర్వాత ఎంత మొత్తుకున్నా మారలేదు.

మరొకటి, మామూలు సర్టిఫికెట్ల పరిశీలన వేరు, ఈ ప్రత్యేక వర్గాల పరిశీలన వేరు. దానికి వేరే తేదీలు, వేరే కేంద్రం ఇస్తారు. ప్రకటన వచ్చినరోజే తేదీ రాసిపెట్టుకోండి. డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు, మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, పాప మీ మీద ఆధారపడినదని సైనిక సంక్షేమ కార్యాలయం ఇచ్చే పత్రం, అన్నీ అసలువి చేతిలో ఉండాలి.

బాబుకు ఉంది. రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి హవల్దార్ హోదా వరకు ఉన్నవారి పిల్లలకు, ఇద్దరి వరకు, ఒక్కొక్కరికి నెలకు 2,000 రూపాయలు. ఒకటో తరగతి నుంచి డిగ్రీ వరకు ఇస్తారు. తరగతి పాసయ్యాక ఆ ఏడాదికి దరఖాస్తు చేయాలి.

సూర్యాపేట సుబేదార్

అమరుల పిల్లల మాట వచ్చింది కాబట్టి, ఈ చర్చ చూసే వీరనారులు, అంటే అమరుల భార్యలు, ఎవరైనా ఉంటే వాళ్ల కోసం. యుద్ధంలో, సైనిక చర్యల్లో మరణించిన, గల్లంతైన, వికలాంగులైన సైనికుల పిల్లల చదువు ఖర్చు భరించే పథకం 1971 యుద్ధం తర్వాత మొదలైంది. 2017లో దానికి నెలకు 10,000 రూపాయల పరిమితి పెట్టారు, చాలామంది బాధపడ్డారు. 2018 మార్చిలో ఆ పరిమితిని ఎత్తేశారు. పాత మాట విని అడగడం మానేసిన కుటుంబాలు ఇంకా ఉన్నాయి. మా సూర్యాపేటలో కర్నల్ సంతోష్ బాబు విగ్రహం ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ, ఎవరి ఇంట్లోనైనా ఫీజు కట్టలేక పిల్ల చదువు ఆగిందేమో అని మనసు పీకుతుంది. దయచేసి అడగండి.

కొల్లాపూర్ నాన్న

మా అబ్బాయి 2023 మొదట్లో అగ్నివీర్‌గా వెళ్లాడు. నాలుగేళ్లు కాగానే తిరిగి వస్తే వాడికీ ఇవన్నీ వర్తిస్తాయా?

నీలి యూనిఫాం

అయ్యా, నాలుగేళ్లకు బయటికి వచ్చే అగ్నివీరులకు మాజీ సైనికుల హోదా లేదు, కాబట్టి పైన చెప్పినవాటి మీద ఆశ పెట్టుకోవద్దు. కానీ వాళ్లకు వేరే దారి ఉంది. ఇగ్నో వాళ్లకోసం మూడేళ్ల డిగ్రీ పెట్టింది, అందులో సగం క్రెడిట్లు సర్వీసులో పొందిన నైపుణ్య శిక్షణకే ఇస్తారు. మిగిలిన సగం చదివి పరీక్షలు రాయాలి. ఇది నిజమైన విశ్వవిద్యాలయ డిగ్రీ. పదో తరగతితో చేరినవాడైతే పన్నెండో తరగతి కూడా జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పూర్తిచేసే ఏర్పాటు ఉంది. అబ్బాయి ఈసారి సెలవు మీద వచ్చినప్పుడు పేరు నమోదైందో లేదో అడగండి.

సర్వీసులో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మరో మాట. రిటైరయ్యే సైనికులకు కొత్త ఉపాధి నేర్పే పునరావాస డైరెక్టరేట్ కోర్సులకు జవాన్లు, జేసీవోలు (సుబేదార్ వంటి హోదాల వాళ్లు) ఫీజు కట్టనక్కరలేదు, మొత్తం ప్రభుత్వమే భరిస్తుంది. వాటిని బయటికి రాకముందే అడగాలి. నేను సెలవులు మిగుల్చుకోవాలని వద్దన్నాను. ఇప్పటికీ దిగులుగా ఉంటుంది.

దేవరకొండ హవల్దార్

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. సోమవారం పొద్దున మొదటి బస్సుకే నల్లగొండ వెళ్లాను, పాపనూ తీసుకెళ్లాను. సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు, పుట్టిన తేదీ సవరణకు అఫిడవిట్‌తో దరఖాస్తు ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. ఆధారపడిన పత్రానికి కూడా అప్పుడే రాసిచ్చాను. ఎప్‌సెట్ దరఖాస్తు ప్రతి తీసి చూస్తే, క్యాప్ దగ్గర అవును అనే ఉంది. జడ్చర్ల అన్న చెప్పబట్టి చూశాం.

అక్కడి నుంచి గడియారం స్తంభం దాటి ఓపెన్ ఇంటర్ కేంద్రానికి వెళ్లాను. ఫారంలో విద్యార్హత అన్నచోట పదో తరగతి అని రాశాను. ఆ గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ సంచిలోనే ఉంది, బయటికి తీయలేదు. పక్కన కూర్చున్న పాప, "నాన్నా, పౌరశాస్త్రం తీసుకో, లాకు పనికొస్తుంది" అంది. తెలుగు, ఇంగ్లీషు, చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం పెట్టాను.

అధ్యాపకుడు గారూ, ఇంగ్లీషు వ్యాకరణానికి మంచి పుస్తకం ఏదైనా ఉంటే చెప్పండి.